స్పర్శ లేని కాలిలో మంట: ఒక యువ రచయిత్రికి లేఖ

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

సోంపేట నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. కొబ్బరికాయలు దించడానికి చెట్టెక్కి, పట్టు తప్పి పడి, వెన్నుపాము దెబ్బతిన్న మీ ఊరి మనిషి గురించి నువ్వు శ్రద్ధగా రాశావు. ఆయన ఇల్లు, వరండాలో మంచం, చక్రాల కుర్చీ దాటలేని గడప అన్నీ కళ్లకు కట్టాయి. వాటి జోలికి నేను పోను. నన్ను కలవరపెట్టినది ఒక్క వాక్యం. పడిన కొన్ని నెలలకు ఆయన కాళ్లలో మంట మొదలైనప్పుడు, చచ్చుబడిన నరాలకు మళ్లీ ప్రాణం వస్తోందని తమ్ముడు సంతోషించాడని రాసి, ఆ మాటను అక్కడే వదిలేసి తరువాతి పేరాకు వెళ్లిపోయావు. తమ్ముడు అన్నాడు కాబట్టి రాయడం తప్పు కాదు. కానీ అచ్చులో ఆ మాట పక్కన మరో మాట లేకపోతే, అలాంటి మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ దాన్ని వైద్యుడు చెప్పిన మాటగానే చదువుకుంటారు. మంట మంచికే వచ్చిందనుకున్న కుటుంబం ఆ మంటకు వైద్యం చేయించదు. రాత్రంతా నిద్ర లేకుండా మూలిగే మనిషిని ఇంకొన్నాళ్లు ఓర్చుకోమంటుంది.

అందువల్ల నీ పరిశోధన అక్కడినుంచే మొదలు కావాలి. వెన్నుపాము గాయం తరువాత వచ్చే నరాల నొప్పి, అంటే వైద్యులు న్యూరోపతిక్ నొప్పి అనేది, నరం కోలుకుంటున్నదనడానికి ఆధారం కాదు. కోలుకోవడం ఉందో లేదో తేల్చడానికి వేరే పరీక్ష ఉంది. శరీరానికి ఒక్కో వైపున 28 చోట్ల దూదితో తాకి, పిన్నుతో గుచ్చి, ఒక్కో చోటికి 0 నుంచి 2 వరకు మార్కులు వేస్తారు, కండరాల బలాన్ని విడిగా చూస్తారు. నెలల తేడాతో చేసిన రెండు పరీక్షల కాగితాలు ఆయన ఫైల్లో ఉంటే, అనుమతి తీసుకుని వాటిని పోల్చి చూడు. మార్కులు పెరగకుండా మంట మాత్రమే పెరిగినట్టు కనిపిస్తే, తమ్ముడి ఆశకు నువ్వు పెట్టవలసిన జవాబు ఆ కాగితాల్లోనే ఉంది. దాన్ని కఠినంగా చెప్పనక్కరలేదు గాని, చెప్పకుండా మాత్రం వదలకూడదు.

రెండో అపోహ దీనికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంటుంది. గిచ్చినా తెలియని కాలికి నొప్పి ఏమిటి, అంతా మనసు పుట్టించుకున్నదే అని బంధువులే కాదు, తొందరలో ఉన్న వైద్య సిబ్బంది కూడా అనడం నేను విన్నాను. నొప్పిపై అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పికి నిర్వచనాన్ని సవరించినప్పుడు, నొప్పిగా ఉందని మనిషి చెప్పిన మాటను గౌరవించాలని వివరణలో స్పష్టంగా చేర్చింది. 2017లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ, అంతకుముందు జరిగిన పలు అధ్యయనాలను కలిపి చూసి, వెన్నుపాము గాయపడినవారిలో సుమారు 53 శాతం మందికి ఈ నరాల నొప్పి ఉంటుందని లెక్కగట్టింది. అధ్యయనానికీ అధ్యయనానికీ ఈ శాతం బాగా మారుతుంది కాబట్టి, నీ వ్యాసంలో సగం మందికి అటూ ఇటూగా అని రాయడమే న్యాయం. ప్రపంచవ్యాప్తంగా 1.5 కోట్ల మందికి పైగా ఈ గాయంతో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ ఊరి మనిషి ఒంటరివాడు కాడని పాఠకుడికి తెలియడానికి ఈ రెండు అంకెలూ చాలు. అంతకుమించి గణాంకాలు కుప్ప పోయకు.

తరువాత చూడవలసినది, ఆయనకు ఉన్నది ఏ నొప్పి అన్నది. నువ్వు అన్నిటినీ కలిపి "భరించలేని నొప్పి" అని రాశావు. 2012లో ప్రచురితమైన అంతర్జాతీయ వర్గీకరణ ఈ నొప్పులను విడదీసి చూస్తుంది. చక్రాల కుర్చీ తోసి తోసి భుజాల్లో వచ్చే నొప్పి కండరాలదీ కీళ్లదీ. పొట్టలో, మూత్రాశయంలో వచ్చేది లోపలి అవయవాలది. నరాల నొప్పిలో మళ్లీ గాయం స్థాయిలో వచ్చేదీ, గాయానికి దిగువన వచ్చేదీ అని రెండున్నాయి. ఈ తేడా కాగితం మీద పొడిగా కనిపిస్తుంది గాని, మనిషి దగ్గర కూర్చుంటే కళ్ల ముందే ఉంటుంది. గజపతినగరం వైపు నాకు తెలిసిన ఒకాయన చెన్నైలో భవన నిర్మాణ పనిలో పడిపోయాడు. గాయం ఛాతీ భాగంలో పదో స్థాయిలో, అంటే బొడ్డు దగ్గరి చర్మానికి నరం వెళ్లే చోట తగిలింది. ఆయన లుంగీని బొడ్డు దగ్గర ముడి వేసుకోలేడు. ముడి ఆనిన చోట నడుము చుట్టూ పట్టీలాగా చర్మం భగ్గుమంటుంది, చొక్కా అంచు రాసుకున్నా ఉలిక్కిపడతాడు. అది గాయం స్థాయి నొప్పి. అదే మనిషి అరికాళ్లలో సూది గుచ్చినా తెలియదు, కానీ పొద్దు వాలేసరికి "కాళ్లు కాలిపోతన్నాయి" అంటాడు. అది గాయానికి దిగువ నొప్పి. మొదటిది సాధారణంగా గాయమైన తొలి వారాల్లో, నెలల్లో కనబడుతుంది. రెండోది నెలల తరువాత, ఒక్కోసారి ఏళ్ల తరువాత కూడా మొదలు కావచ్చు. ఎక్కడ, ఎప్పుడు, ఏది తాకితే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది అని అడిగితే నీ వ్యాసంలో ఆ "భరించలేని" అన్న విశేషణం అవసరమే రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పక రాయి. ఏళ్లపాటు ఒకే తీరుగా ఉన్న నొప్పి హఠాత్తుగా కొత్త రూపం ఎత్తినా, స్పర్శ లేని హద్దు పైకి పాకినా, చేతుల్లో బలం తగ్గినా, వెన్నుపాములో నీటితిత్తి ఏర్పడిందేమోనని ఎమ్మారై తీయించి చూడాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒకేచోట ఒత్తిడి వల్ల పడిన పుండు, మలబద్ధకం కూడా పాత మంటను రెట్టింపు చేస్తాయి. వీటిని పట్టుకుంటే వైద్యం ఉంది.

నొప్పి ఎందుకు పుడుతుందో రాసే చోట నువ్వు "నరాలు దెబ్బతినడం వల్ల" అని ఒక్క ముక్కతో దాటేశావు. ఇది వ్యాసానికి గుండెకాయ, ఇక్కడ ఓపిక పట్టాలి. నొప్పినీ వేడినీ చలినీ మెదడులోని థాలమస్‌కు మోసుకుపోయే మార్గం వెన్నుపాములో ఉంది. ఆ మార్గం తెగినా నలిగినా కింది నుంచి కబురు ఆగిపోతుంది గాని, పైనున్న నాడీకణాలు మౌనంగా ఉండిపోవు. వాటిని అదుపులో ఉంచే నిరోధక సంకేతాలు తగ్గిపోతాయి, కణం పొరలో ఉండే సోడియం ద్వారాల తీరు మారి కణాలు తమంతట తాము స్పందించడం మొదలుపెడతాయి, మైక్రోగ్లియా అనే రక్షక కణాలు గాయం మానిన తరువాత కూడా ఉద్రిక్తంగానే ఉండి ఆ స్పందనను ఎగదోస్తాయి. పైడితల్లి జాతరలో మైకు ముందు ఎవరూ మాట్లాడకపోయినా పెట్టె కీచుమని అరిచినట్టు, కాలి నుంచి ఏ కబురూ రాకపోయినా మెదడుకు కాలు కాలుతున్న కబురు అందుతుంది. అయితే ఇంతటితో అంతా తేలిపోయిందని రాయకు. ఈ నొప్పి ఉన్నవారిలో ఆ మార్గం దెబ్బతిని ఉంటుందన్నది నిజమే. కానీ అంతే దెబ్బతిని ఏ నొప్పీ లేనివారూ ఉన్నారు. ఆ మార్గానికి దెబ్బ తగలడం నొప్పికి అవసరమే గాని, అదొక్కటే చాలదు. మిగతా కారణం ఏమిటన్నది ఇప్పటికీ వెతుకుతున్న విషయం, ఆ వెతుకులాటను పాఠకుడికి అలాగే చూపించు.

ఎలుకల మీద చేసిన ప్రయోగాల వార్తలు చూసి నువ్వు ఉత్సాహపడ్డావు. వాటిలో నొప్పిని కొలిచే పద్ధతి ఏమిటో ముందు చూడు. చాలాచోట్ల సన్నని నైలాన్ తంతువుతో పాదాన్ని తాకి, ఎలుక పాదం వెనక్కి లాక్కుంటే నొప్పి అని లెక్కిస్తారు. గాయానికి కింద ఉన్న వెన్నుపాము భాగం మెదడుతో సంబంధం లేకుండానే పాదాన్ని లాగగలదు. మన రోగుల కాళ్లు బిగుసుకుని ఎగిరిపడటం కూడా అలాంటిదే. కాబట్టి ఆ లాగుడు నొప్పో, ఉత్త ప్రతిచర్యో తేల్చలేని ప్రయోగం నుంచి "నొప్పికి మందు దొరికింది" అనే శీర్షిక పుట్టకూడదు. ఎలుక ఒక గది వదిలి మరో గదిని కోరుకోవడం వంటి, మెదడు పాల్గొనే పరీక్ష చేశారేమో చూసి అప్పుడు రాయి.

మందుల భాగాన్ని నువ్వు తిరగరాయాలి. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ అనే పేర్లు రాయి, ఎన్ని మిల్లీగ్రాములో కొట్టెయ్యి. 2006లో ఆస్ట్రేలియాలో 137 మంది వెన్నుపాము రోగుల మీద 12 వారాలు జరిగిన పరీక్షలో ప్రీగాబాలిన్, మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేసింది, నిద్రమత్తు, కళ్లు తిరగడం కూడా ఎక్కువగానే కలిగాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో దాన్ని ఈ నొప్పికి ఆమోదించింది. అన్ని రకాల నరాల నొప్పుల పరీక్షలనూ కలిపి 2015లో వెలువడిన విశ్లేషణలో ప్రీగాబాలిన్‌కు వచ్చిన అంకె 7.7. అంటే ఎనిమిది మందికి ఈ మందు ఇస్తే, ఉత్తుత్తి మాత్రతో వచ్చేదాని కన్నా అదనంగా ఒకరికి నొప్పి సగం తగ్గుతుంది. ఈ అంకెను చూసి మందు దండగ అనేవారూ ఉంటారు, దివ్యౌషధం అనేవారూ ఉంటారు. మంట పదికి ఎనిమిది ఉన్న మనిషికి అది నాలుగుకు దిగితే రాత్రి నాలుగు గంటలు నిద్ర పడుతుంది. ఆ నిద్ర విలువ ఆ ఇంటివాళ్లకు తెలుసు. దాన్ని పెంచకుండా, తగ్గించకుండా రాయడమే నువ్వు చేయవలసిన పని.

మిల్లీగ్రాములు కొట్టెయ్యమనడానికి కారణం నీ ఊరే. నువ్వు రాస్తున్నది ఉద్దానం గురించి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో నీకు నేను చెప్పనక్కరలేదు. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ రెండూ దాదాపు పూర్తిగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి. కిడ్నీ పని తగ్గిన మనిషికి మామూలు మోతాదు ఇస్తే మందు ఒంట్లో పేరుకుని మగత, తూలిపోవడం, కొన్నిసార్లు ఊపిరి మందగించడం వరకు వెళ్తుంది. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసి మోతాదు తగ్గించాలి. పత్రికలో చూసి మందుల షాపులో అడిగి కొనుక్కునే అలవాటు మన దగ్గర ఎంతుందో కూడా నీకు తెలుసు. డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు ఈ మంటను తగ్గించవు, పైగా కిడ్నీలకు చేటు. ఈ రెండు సంగతులూ ఢిల్లీ నుంచి వచ్చే ఏ వ్యాసంలోనూ ఉద్దానం పేరుతో కలిపి ఉండవు. నీ వ్యాసంలో ఉండాలి. మందును ఒక్కసారిగా మానేయకూడదని కూడా పక్కనే రాయి.

కాపడం గురించి నువ్వు అసలు రాయలేదు. మంట అనగానే మన ఇళ్లలో కొందరు తడిగుడ్డ వేస్తారు, ఇంకొందరు వేడినీళ్ల సీసాయో ఇటుకో పెడతారు. స్పర్శ లేని కాలికి వేడి తెలియదు, చర్మం కాలి బొబ్బలెక్కినా మనిషికి తెలియదు. ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. దీనికి రెండు వాక్యాలు చాలు, కానీ అవి తప్పకుండా ఉండాలి.

ఎవరిని అడగాలి అన్నావు. వెన్ను శస్త్రవైద్యుడిని మాత్రమే అడిగితే ఎముక గురించి బాగా చెబుతారు. పునరావాస వైద్య నిపుణులనూ, ఫిజియోథెరపిస్టునూ, ఇంట్లో రాత్రుళ్లు ఆయనను పక్కకు తిప్పే భార్యనూ అడుగు. మన జిల్లాల నుంచి విశాఖ కేజీహెచ్‌కూ, అక్కడి నుంచి వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకీ వెళ్లే కుటుంబాలు ఎన్నో. ఆ వేలూరులో పునరావాస విభాగానికి పునాది వేసిన డాక్టర్ మేరీ వర్గీస్ స్వయంగా 1954లో ప్రమాదంలో నడుము కింది నుంచి చచ్చుబడి, ఆ తరువాత తాను చక్రాల కుర్చీలో కూర్చుని, కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిన మనిషి. ఆమె జీవితం తెలుసుకో, ఈ గాయంతో బతికినవారి మాట వైద్యంలో ఎంత దూరం వెళ్లగలదో అర్థమవుతుంది.

కొత్త చికిత్సల గురించి రాయాలన్న నీ కోరిక మంచిదే. నువ్వు ఉదహరించిన అద్దం ప్రయోగం 2007 నాటిది. అద్దంలో తన పైదేహం, కింద తెరమీద నడిచే కాళ్లు కలిసి కనిపించేలా చేసి, తానే నడుస్తున్న భ్రమ కలిగిస్తే గాయం స్థాయి నొప్పి కొంతసేపు తగ్గిందని అందులో చూపారు. పాల్గొన్నది ఐదుగురు. ఆ "ఐదుగురు" అన్న మాట నువ్వు శీర్షికకు దగ్గరలోనే రాయాలి, చివరి పేరాలో దాచకూడదు. ఇప్పుడు మన దేశంలో జరుగుతున్న పరీక్షల కోసం 2007లో మొదలైన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీని, అంటే మనుషుల మీద చేసే చికిత్సా పరీక్షల నమోదు పట్టికను చూడు. మొదట ఏం కొలుస్తామని నమోదు చేశారో, చివరికి ఏం కొలిచామని ప్రకటించారో రెండూ పక్కపక్కన పెట్టి చదువు.

ఇక మనిషి దగ్గర కూర్చునే పద్ధతి. తమ్ముడు జవాబు చెబుతుంటే ఆపి ఆయననే అడుగు. సాయంత్రం వెళ్లు, మంట ఎక్కువయ్యే వేళ అదే కాబట్టి, అయితే అలసట కనిపిస్తే లేచి వచ్చెయ్యి. మంటా, కరెంటు షాక్ కొట్టినట్టా, చీమలు పాకినట్టా, గడ్డకట్టే చలిలాగానా అని నువ్వు ముందే అందించకు. వైద్యులు వాడే ప్రశ్నపత్రంలో ఆ మాటలు ఉన్నాయి, ఆయన తనంతట తాను చెప్పినవి విడిగా రాసుకుని తరువాత వాటితో పోల్చు. మూత్రం, మలం, దాంపత్యం గురించి ఆయన చెప్పినవన్నీ అచ్చుకు రావలసినవి కావు. పేరు మార్చినంత మాత్రాన చాలదు, కొబ్బరి చెట్టు మీద నుంచి పడినవాడు ఎవరో మీ ఊరికంతా తెలుసు. వ్యాసం పంపే ముందు, ఆయన గురించిన పేరాలన్నీ ఆయనకే గట్టిగా చదివి వినిపించు, వద్దన్నది కొట్టెయ్యి. తమ్ముడి మాట ఉన్న పేరా చదివేటప్పుడు తమ్ముడు కూడా పక్కనే ఉండేలా చూడు, పరీక్ష కాగితాల సంగతి అతనికి పత్రికలో కాకుండా నీ నోట ముందుగా తెలియాలి. అది చెప్పడానికి ధైర్యం చాలకపోతే వాళ్ల వైద్యుడినో ఫిజియోథెరపిస్టునో వెంట తీసుకువెళ్లు. మందుల భాగం మాత్రం తిరగరాసిన వెంటనే నాకు పంపు, ఇక్కడ నాకు తెలిసిన పునరావాస వైద్యుడి చేత చదివించి తిరిగి పంపిస్తాను.

నీ శ్రేయోభిలాషి