టెక్ సందేహాలు: పిస్టల్ తూటా కేసులకు ట్రిమ్మర్ కొనాలా?

ప్రశ్న: మా అన్న టెక్సాస్‌లో ఉంటాడు. షూటింగ్ రేంజ్‌లో కాల్చిన 9 ఎంఎం ఖాళీ కేసులు (తూటాల ఇత్తడి తొడుగులు) ఏరుకొచ్చి మళ్లీ లోడ్ చేసుకుంటాడు. డిజిటల్ కాలిపర్‌తో 50 కేసుల పొడవు కొలిచి పంపితే ఎక్సెల్‌లో వేశాను. 18.95 నుంచి 19.10 మి.మీ. దాకా ఉన్నాయి. అన్నీ సమానం చేయడానికి ట్రిమ్మర్ (కేస్ మూతి కోసి పొడవు తగ్గించే పరికరం) కొనాలా, వద్దా?
– కొర్లగుంట, తిరుపతి నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు. 9 ఎంఎం కేస్ గరిష్ఠ పొడవు 19.15 మి.మీ. (0.754 అంగుళం). మీ షీట్‌లో అన్నిటికన్నా పొడుగుదే హద్దు లోపల ఉంది. ట్రిమ్ చేసేవాళ్లు మామూలుగా 19.08 దగ్గర ఆపుతారు. 18.95 ఉన్నదానికి బ్లేడు తగలనే తగలదు, ఇక సమానం చేసేదేముంది?

ఈ ట్రిమ్మింగ్ అలవాటు రైఫిల్ వాళ్లది. సీసా మెడలా ఉండే రైఫిల్ కేస్‌ను ఎక్కువ ప్రెషర్‌లో కాల్చి, మళ్లీ డైలోకి (పాత కొలతకు తెచ్చే అచ్చులోకి) నొక్కితే ఇత్తడి మెడవైపు సాగుతుంది. పిస్టల్ కేస్‌కు అలా మెడ దగ్గర సన్నబడే భుజం లేదు, ప్రెషరూ తక్కువ. కాల్చేకొద్దీ ఇవి పెరగకపోగా చాలావరకు కాస్త పొట్టివవుతాయి. కోయాల్సినంత పొడవయ్యేలోపే మూతి చీలి చెత్తబుట్టకు చేరతాయి.

అనవసరంగా కోస్తే నష్టమే. రిమ్ (అడుగు అంచు) బయటికి పొడుచుకురాని ఈ కేస్ ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, తన మూతి అంచు మీదే ఆనాలి. మరీ పొట్టిదైతే లోపలికి జారి ఎక్స్‌ట్రాక్టర్ కొక్కేనికి (ఖాళీ కేస్‌ను బయటికి లాగేది) వేలాడుతుంది, ఫైరింగ్ పిన్ దెబ్బ చాలక ప్రైమర్ (కేస్ అడుగున మందును రగిలించే చిన్న మూత) పేలకపోవచ్చు. 19.15 దాటింది కనిపిస్తే మాత్రం పక్కన పడేయాలి. దానితో స్లైడ్ (పిస్టల్ మీద వెనక్కీ ముందుకీ కదిలే భాగం) పూర్తిగా మూసుకోదు. బలవంతంగా మూస్తే మూతి బుల్లెట్‌ను బిగించి ప్రెషర్ ప్రమాదకరంగా పెరగొచ్చు.

రివాల్వర్ సంగతి వేరు. .38 స్పెషల్ (గరిష్ఠం 29.34 మి.మీ.), .357 మ్యాగ్నం (32.77) కేసులు రిమ్ మీద ఆనుతాయి కానీ, వీటి మూతిని బుల్లెట్ గాడిలోకి మడుస్తారు. దీన్నే రోల్ క్రింప్ అంటారు. డై సెట్టింగ్ ఒకటే కాబట్టి పొడుగు కేస్ నలిగి ఉబ్బుతుంది. పొట్టిదానికి పట్టు చాలదు. పక్క గుండు పేలిన అదురుకు బుల్లెట్ ముందుకు జరిగి సిలిండర్ తిరగకుండా అడ్డుపడుతుంది. అందుకే ఆ బ్యాచ్‌ను ఒక్కసారి ట్రిమ్ చేసి, మూతి లోపలా బయటా గరుకు అంచు తీసేస్తే, మళ్లీ ఆ పని పెద్దగా పడదు.

అన్నట్టు, మీ అన్న ఎప్పుడు కొలిచాడో అడగండి. పాత ప్రైమర్ తీసి, డైలో నొక్కి సైజింగ్ అయ్యాకే కొలవాలి. ప్రైమర్ కాస్త ఉబికి ఉంటే అదీ పొడవులో కలిసిపోతుంది. కాలిపర్ దవడలు తుడిచి, మూసి, సున్నా చేసి, పది కేసులకోసారి సున్నా మళ్లీ సరిచూడాలి. అంకెలు మినుకుమంటుంటే బ్యాటరీ అయిపోతోందని అర్థం. మామూలు డిజిటల్ కాలిపర్‌లో 0.02 మి.మీ. అటూఇటూ సహజం. 19.03కీ 19.04కీ తేడా చూసి ఎక్సెల్‌లో రంగులు వేసుకోనక్కర్లేదు.

ఇదంతా అక్కడి మాట. ఇక్కడ లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం, 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 దాన్ని నిషేధిస్తుంది. సెలవులకు వచ్చేటప్పుడు, చూపించడానికని ఒక్క ఖాళీ కేస్ కూడా బ్యాగులో వేసుకుని రేణిగుంటలో దిగొద్దని చెప్పండి.