ఒక్కసారికి ఒక్క పాట

జాన్సన్ సిటీ, టెన్నెసీ

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నీ గొంతు విన్నాక నాకు మనసు ఊరుకోలేదు. స్మోకీ కొండలకి వెళ్తూ కారులో గంటన్నర సేపు బ్లూగ్రాస్ పాటలు (ఇక్కడి కంట్రీ సంగీతంలో బాంజో అనే తీగల వాద్యంతో, ఫిడేలుతో సాగే రకం) పెట్టావనీ, వెనక సీట్లోవాళ్లు "డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంది, ఆపరా బాబూ" అన్నారనీ చెప్పావు. మనకిష్టమైన పాటని ఎవరైనా అలా అంటే మన ఇంట్లోవాళ్లని అన్నట్టే ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను. ఈ పాటలంటే చెవులు మూసుకునేవాళ్లకి వినిపించాను, ఇవే ప్రాణంగా బతికేవాళ్ల పక్కన కూర్చుని విన్నాను. నాకు తెలిసింది రాస్తున్నాను.

నువ్వు పెట్టిన పాటలన్నీ మంచివే నాన్నా. కానీ గంటన్నర పెట్టావు. కొత్త చెవికి బాంజో, ఫిడేలు, మాండలిన్ అన్నీ కలిసి పరిగెడుతుంటే ఒక పాటకీ ఇంకో పాటకీ తేడా తెలీదు. గోంగూర ఎంత బాగా కుదిరినా, ఎప్పుడూ తినని మనిషికి గిన్నెడు వడ్డించం కదా. ఒక మనిషికి ఒక్క పాట పెట్టు. ఎవరికి పెడుతున్నావో చూసుకుని ఆ పాట ఎంచుకో.

నా సంగతే చెప్తాను. హాస్పిటల్లో నాతో పనిచేసిన తెలుగావిడ ఒకామె ఉండేది, కర్నూలు వైపు మనిషి. "ట్రాక్టర్లూ బీర్లూ తప్ప ఈ పాటల్లో ఏముంటాయండీ" అనేది. నేనేమీ వాదించలేదు. ఒక చలికాలం సాయంత్రం వాళ్లింటికి వెళ్తే సోఫా మీద బొంత కనిపించింది, పాత చీరలతో కుట్టింది. వాళ్లమ్మగారు పంపారట. వెంటనే నాకు కంట్రీ గాయని డాలీ పార్టన్ పాడిన 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్' గుర్తొచ్చింది. డాలీ ఇక్కడి కొండల్లోనే, సెవియర్ కౌంటీలో, పన్నెండుమంది పిల్లల్లో నాలుగో పిల్లగా పుట్టింది. ఈ పాటని బస్సులో ప్రయాణిస్తూ, చేతికి దొరికిన డ్రైక్లీనింగ్ రసీదు వెనక రాసుకుంది. రికార్డు 1971లో వచ్చింది.

పాట పెట్టేముందు ఆవిడకి రెండే ముక్కలు చెప్పాను. ఒక తల్లి గుడ్డపేలికలు కలిపి కూతురికి కోటు కుడుతూ బైబిల్లోని యోసేపు రంగురంగుల అంగీ కథ చెప్తుంది, ఆ పిల్ల మురిసిపోతూ బడికి వెళ్తుంది. బడిలో ఏమవుతుందో చెప్పలేదు. మూడు నిమిషాల పాట. అది సాగుతుంటే ఆవిడ చెయ్యి బొంత కుట్టు మీదికి పోయింది. అయిపోయాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక మూల మడత విప్పి చూపించింది, సన్నటి ఎర్ర అంచు. "ఇది మా నాన్న పంచె" అంది. ఆ తర్వాతి వారం తనే అడిగింది, ఆమెవి ఇంకేమైనా ఉన్నాయా అని.

ఇందులో నువ్వు పట్టుకోవలసినది ఒకటుంది. కంట్రీ పాటకి ప్రాణం మాటల్లో ఉంటుంది, ఆ మాటలు ఈ కొండల యాసలో ఉంటాయి. మనవాళ్లకి అవి మొదటిసారి అందవు, అందక ముక్కుతో పాడుతున్నారంటారు. అందుకే కథని ముందు తెలుగులో చెప్పు, కానీ సగమే చెప్పు. కంట్రీ గాయకుడు జార్జ్ జోన్స్ 1980లో పాడిన 'హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే' ఎవరికైనా పెడితే, ఒకడు ఒకామెని మర్చిపోలేకపోయాడని మాత్రం చెప్పి ఊరుకో. పాట మధ్యలో తెలిసే విషయం వాళ్లకి ఆ గొంతులోనే తెలియాలి.

పాట నడుస్తుంటే వాళ్ల మొహంలోకి చూడకు. అయిపోగానే "ఎలా ఉంది?" అని అడగకు. ఆ ప్రశ్న వేస్తే ఎదుటివాళ్లకి పరీక్ష పెట్టినట్టు టెన్షన్ వస్తుంది, మొహమాటానికి ఏదో అంటారు. గిన్నెలు కడుగు, కారు నడుపు, ఏదో ఒకటి చేసుకుంటూ ఉండు. ఇంకోటి, ఫోన్ స్పీకర్లో వినిపించకు. అందులో బాస్ వినపడదు, బాంజో రేకు డబ్బాలా మోగుతుంది. కారులో ఫోన్లోంచే పెట్టి ఉంటే, మీవాళ్లు అన్న గులకరాళ్ల మాటకి అదీ ఒక కారణం కావచ్చు. వాట్సాప్‌లో ఒకేసారి పది లింకులు పంపావంటే ఒక్కటీ తెరవరు.

మీ రూమ్మేట్‌కి ఘంటసాల పాటలంటే పిచ్చి అన్నావు కదా. అతనికి బాంజో వద్దు, పాత కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్‌ని పెట్టు. 'ఐయామ్ సో లోన్సమ్ ఐ కుడ్ క్రై', 1949 నాటిది. పక్షి కూత, రాత్రి రైలు, మబ్బు చాటు చంద్రుడు, ఇలాంటివే ఆ పాటలో ఉన్నవి. హ్యాంక్ 1953 జనవరి ఒకటిన, కచేరీకి వెళ్తూ కారు వెనక సీట్లోనే పోయాడు, ఇరవై తొమ్మిదేళ్లకే. మన 'దేవదాసు' వచ్చిన సంవత్సరమూ అదే. ఆ పాటలు వింటూ పెరిగినవాడికి హ్యాంక్ గొంతులోని దిగులు కొత్తగా అనిపించదు.

మీ అమ్మ తనకి కంట్రీ అంటే తెలీదంటుంది. తెలుసు. సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటి క్రైస్తవ కుటుంబంవాళ్లు డిసెంబరు రాగానే జిమ్ రీవ్స్ రికార్డులు పెట్టేవాళ్లు. మేమిద్దరం పిట్టగోడ మీద కూర్చుని వినేవాళ్లం. ఆయన కంట్రీ పాటలకి కేంద్రమైన నాష్‌విల్ పాటగాడనీ, 1964లో ఆ ఊరి దగ్గరే తన చిన్న విమానం తనే నడుపుతూ కూలి చనిపోయాడనీ మాకు అప్పుడు తెలీదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు 'హీల్ హావ్ టు గో' మొదటి లైను వినిపించు చాలు. మిగతాది అమ్మే పాడుతుంది.

కర్ణాటక సంగీతం నేర్చుకున్న మీ అత్తయ్యలాంటి వాళ్లు "ఇదీ ఒక సంగీతమేనా" అంటారు. వాళ్ల దగ్గర మాటల కంటే వాద్యంతో మొదలుపెట్టు. మన పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ మాండలిన్ మీద రాగాలు పలికించాడు కదా, ఆ మాండలిన్‌తోనే కెంటకీలోని రోసిన్ అనే పల్లెటూరివాడు బిల్ మన్రో ఒక కొత్త సంగీతాన్నే నిలబెట్టాడు. ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే మాండలిన్ 1923లో తయారైంది, ఫ్లోరిడాలో ఒక బార్బర్ షాపులో అమ్మకానికి పెట్టి ఉంటే కొన్నాడు. 1945 డిసెంబరులో ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్ల బాంజోతో ఆయన బృందంలో చేరాక బ్లూగ్రాస్‌కి ఇప్పుడు మనం వినే రూపం వచ్చింది. ఆ మూడు వేళ్ల వాయింపులో పాట వరస జల్లులాంటి స్వరాల మధ్య దాగి ఉంటుంది. ముందు నువ్వు వరసని నెమ్మదిగా కూనిరాగం తియ్యి, తర్వాత బాంజో వినిపించి అది ఎక్కడుందో పట్టుకోమను. సంగీతం తెలిసినవాళ్లకి ఈ వెతుకులాట ఇష్టం. ఒకరి తర్వాత ఒకరు వంతు తీసుకుని మళ్లీ పాటలోకి వచ్చి వాలడం చూస్తే, గాయకుడూ వయొలిన్ విద్వాంసుడూ స్వరకల్పన పంచుకోవడం వాళ్లకే గుర్తొస్తుంది. ఆ తర్వాత బేలా ఫ్లెక్ బాంజో, జాకీర్ హుస్సేన్ తబలా కలిసిన 'యాజ్ వీ స్పీక్' పెట్టు. 2023లో వచ్చింది, గ్రామీలు కూడా అందుకుంది.

ఇప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా రాయవలసిన మాట. మీ ఆఫీసులో నల్లజాతి అమ్మాయి "ఇవి మా పాటలు కావు" అందన్నావు. ఆమెతో వాదించకు. బాంజో చరిత్ర చెప్పి ఒప్పించాలని అసలు చూడకు. ఆమెకి నీకంటే ఎక్కువ తెలిసి ఉండొచ్చు, ఆ మాట వెనక ఆమె బతుకులో ఏం జరిగిందో నీకు తెలీదు. నువ్వు మాత్రం తెలుసుకుని ఉండు. బాంజో పడమటి ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో వచ్చింది. మొదట్లో అది సొరబుర్ర మీద తోలు బిగించిన వాద్యం. మన పాలమూరు కిన్నెరకీ సొరబుర్రలే కదా. 1920లలో రికార్డు కంపెనీలు దక్షిణాది పాటలని రెండుగా చీల్చి, తెల్లవాళ్లవి 'హిల్‌బిల్లీ' అనీ నల్లవాళ్లవి 'రేస్ రికార్డ్స్' అనీ అమ్ముకున్నాయి. ఆ గీత కాగితం మీద గీసిందే. తొలితరం కంట్రీ గాయకులైన కార్టర్ కుటుంబం పెద్ద ఏ.పి. కార్టర్ పాటల కోసం ఊళ్లు తిరుగుతుంటే పక్కన ఉన్నది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. ఆయన పెరిగింది మాకు అరగంట దూరంలోని కింగ్స్‌పోర్ట్‌లో. కార్టర్ మాటలు రాసుకుంటే రిడిల్ వరసలు గుర్తుపెట్టుకునేవాడు. నాష్‌విల్ కంట్రీ రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీలో తొలినాళ్లలోనే మౌతార్గాన్‌తో పేరు తెచ్చుకున్న నల్లజాతి కళాకారుడు డిఫోర్డ్ బెయిలీని 1941లో తీసేశారు. ఆయన నాష్‌విల్‌లో బూట్లు పాలిష్ చేసుకుని బతికాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేరింది 2005లో, పోయిన ఇరవై మూడేళ్లకి. ఈ సంగతులు "తెల్లవాళ్ల పాటలు మనకెందుకు" అనే మనవాళ్లకి చెప్పు. ఆ అమ్మాయి తనంతట తను అడిగితే, బాంజో వాయించే నల్లజాతి గాయని రియానన్ గిడెన్స్ పేరు చెప్పు, అంతే.

ఇక అభిమానుల సంగతి. నచ్చనివాళ్ల దగ్గర నువ్వు వినిపించేవాడివి. వీళ్ల దగ్గర వినేవాడివి. గిటార్ కొన్నానన్నావు, జామ్‌కి, అంటే అందరూ కలిసి వాయించుకునే చోటికి, వెళ్తానన్నావు, సంతోషం. మొదటి రెండుసార్లు గిటార్ పెట్టెలోనే ఉంచి కూర్చో. గుండ్రంగా కూర్చుంటారు. పాట ఎత్తుకునేవాళ్లు ఏ శ్రుతిలోనో చెప్తారు. ఒక్కొక్కరికీ బ్రేక్ వస్తుంది, అంటే ఒంటరిగా వాయించే వంతు. వద్దనుకుంటే తల ఊపితే పక్కవాళ్లు అందుకుంటారు. ఒకరి బ్రేక్ నడుస్తుంటే మిగతావాళ్లు చెయ్యి తగ్గించాలి. పాట ముగించబోతున్నప్పుడు ఎత్తుకున్నవాళ్లు ఒక కాలు ముందుకి లేపుతారు. ఆ కాలు చూసుకో.

ఎవరికి ఎన్ని రికార్డులు తెలుసో అక్కడ పోటీ పెట్టుకోకు. "ఈ పాట మీకెవరు నేర్పారండీ?" అని అడుగు, చాలు. నేను ఊపిరితిత్తుల వార్డులో పనిచేసేటప్పుడు ఒక ముసలాయన ఉండేవాడు, వర్జీనియా బొగ్గు గనుల్లో ముప్ఫై ఏళ్లు దిగినవాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. నేను ఆ మాట అడిగితే, వాళ్ల చర్చిలో పెద్దాయన ఒక లైను చెప్తే అందరూ సాగదీసి అందుకునేవారని చెప్పి, మన భజన పద్ధతే అది, ఒక్క లైను పాడి చూపించాడు. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఏ రికార్డులోనూ నేను అలాంటి పాట వినలేదు.

"ఇది అసలు బ్లూగ్రాస్ కాదు" అనే తగువులు తప్పకుండా వస్తాయి. అందులో దిగకు. మన్రో 1946లో నెమ్మదిగా పాడిన 'బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ'ని 1954లో ఎల్విస్ ప్రెస్లీ ఉరకలెత్తించి పాడాడు. మన్రో కోప్పడలేదు. ఆ ఏడాదే తనూ మళ్లీ రికార్డు చేశాడు, సగం పాత నడకలో, సగం కొత్త వేగంతో.

వచ్చే నెల రెండో శనివారం ఖాళీ చేసుకో. వర్జీనియాలోని హిల్టన్స్‌లో కార్టర్ ఫోల్డ్ అనే పాటల వేదికకి వెళ్దాం, మా ఇంటినుంచి దాదాపు గంట. ఏ.పి. కార్టర్ కూతురు జానెట్ 1970లలో మొదలుపెట్టిన చోటు అది. శనివారం రాత్రుళ్లు పాట ఉంటుంది, కరెంటు వాద్యాలు ఉండవు, మందు ఉండదు. ముందు వరసలో డెబ్బై ఏళ్ల వాళ్లు బూట్లకి రేకు తొడుక్కుని టకటకలాడిస్తూ నాట్యం చేస్తారు. ఆ రూమ్మేట్‌ని కూడా తీసుకురా. దారిలో తినడానికి పులిహోర కలిపి ఉంచుతాను. కారులో మాత్రం ఏ పాటా పెట్టకు, అతన్ని నేరుగా అక్కడే విననీ.

ఆశీస్సులతో,
పెద్దమ్మ