బావ షిఫ్టు మాలుకు మీ సంతకం

బల్లార్షా నుండి ఉత్తరం రాసిన సోదరునికి,

ఇతర పాఠకుల కోసం ముందుగా మీ సమస్యను క్లుప్తంగా చెబుతాను. మీరు మహారాష్ట్రలోని చంద్రపూర్ ఎం.ఐ.డి.సి. పారిశ్రామిక వాడలో ఇనుప రాడ్లు తయారుచేసే ఒక రోలింగ్ మిల్లులో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తున్నారు. ఆ ఉద్యోగం ఇప్పించినది మీ అక్కగారి భర్త. ఆయన అదే మిల్లులో ప్రొడక్షన్ సూపర్‌వైజర్. గత నెల ఆయన షిఫ్టులో వచ్చిన 12 ఎం.ఎం. రాడ్లు బరువు తక్కువగా ఉన్నందున మీరు లాట్ మొత్తాన్ని, అంటే ఆ విడత మాలంతటినీ, రిజెక్ట్ చేశారు, ఆ షిఫ్టు వారి ఇన్సెంటివ్ పోయింది. అప్పటి నుండి బావగారు మీతో మాట్లాడడం లేదు. వచ్చే నెలలో జరిగే మేనకోడలి ఓణీల వేడుకకు మీరు రానక్కరలేదని అక్క కబురు చేసింది. ఇంటి మనిషి కోసం ఒక్క సంతకం పెట్టలేకపోయావా అని అమ్మగారు నిలదీస్తున్నారు. మళ్లీ అటువంటి లాట్ వస్తే సంతకం పెట్టాలా, ఉద్యోగం మానెయ్యాలా, అక్కను క్షమాపణ అడగాలా అని మీరు నన్ను అడిగారు.

సంతకం విషయంలో నాకు సందేహం లేదు. 12 ఎం.ఎం. రాడ్డు మీటరుకు 0.888 కిలోలు ఉండాలని, లాట్ మీద 5 శాతానికి మించి తేడా రాకూడదని ఈ రాడ్లకు వర్తించే భారత ప్రమాణం ఐ.ఎస్. 1786 చెబుతుంది. అంటే 12 మీటర్ల రాడ్డు సుమారు 10.66 కిలోలు తూగాలి. ఎంత తగ్గినా 10.12 కిలోల దగ్గర ఆగాలి. మీరు తూచినవి 9.9 కిలోల దగ్గర ఉన్నాయని రాశారు, అది 7 శాతం తగ్గుదల. పిల్లరుకు ఎన్ని రాడ్లు వెయ్యాలో లెక్క కట్టిన ఇంజనీరు ఒక్కో రాడ్డులో 113 చదరపు మిల్లీమీటర్ల ఇనుము ఉంటుందని నమ్మి లెక్క కడతాడు, అక్కడ 105 మాత్రమే ఉన్న సంగతి ఆయనకు తెలియదు, రాజురాలోనో గోండ్‌పిప్రిలోనో అప్పు చేసి ఇల్లు కట్టుకుంటున్న మనిషికి అంతకన్నా తెలియదు. పైగా ఆ మాలు మీద ఐ.ఎస్.ఐ. ముద్ర ఉంటుంది. ఆ ముద్రకు అనుమతి ఇచ్చే బి.ఐ.ఎస్. వారు ఫ్యాక్టరీ నుండే కాక బజారు నుండి కూడా నమూనాలు తీసుకుంటారు. నాణ్యత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐ.ఎస్.ఓ. 9001 పాటించే ఫ్యాక్టరీలో ఏ లాట్‌ను ఎవరు విడుదల చేశారో రికార్డులో ఉండి తీరాలి కాబట్టి, రేపు ఆ కాగితం బయటికి వచ్చినప్పుడు దాని మీద మీ పేరు కనిపిస్తుంది గాని బావగారి పేరు కనిపించదు. ఇంటి మనిషి కోసం పెట్టే సంతకమని అమ్మగారు అంటున్నారు, కాని దాని బరువు మోయవలసినది మీరొక్కరే.

అయితే మీ ఉత్తరంలో రెండో పేజీ చివర మీరు తేలికగా రాసి దాటేసిన ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. రోలింగ్ స్టాండ్ దగ్గర, అంటే ఇనుమును రోల్స్ మధ్య నొక్కి రాడ్లుగా సాగదీసే చోట, కూలీలందరూ ఉండగా, “ఈ మాలంతా స్క్రాపే, ఎవరు నడిపారు దీన్ని?” అని మీరు హిందీలో గట్టిగా అడిగారు. ఎవరు నడిపారో మీకు తెలుసు, అక్కడున్న వారందరికీ కూడా తెలుసు. మీకు పని ఇప్పించిన పెద్దమనిషిని, ఆయన కింద పనిచేసే వారి ఎదుట, చిన్నవారైన మీరు ఆ మాట అనడం వల్ల ఆయనకు తగిలిన దెబ్బ ఇన్సెంటివ్ కన్నా పెద్దదని నా అభిప్రాయం. డబ్బు పోయిన కోపం రెండు జీతాలకు చల్లారుతుంది. మీ ఇంట్లో అది చల్లారకపోవడానికి కారణం ఇక్కడ ఉందనుకుంటున్నాను. కనుక రిజెక్ట్ చేసినందుకు క్షమాపణ అడగకండి, అన్న తీరుకు అడగండి. ఈ రెండింటినీ ఒకే మాటలో కలిపితే, వచ్చే నెల మరో లాట్ ఆపవలసి వచ్చినప్పుడు మీరు మాట తప్పినవారవుతారు.

ఇక మిల్లులో చేయవలసిన పని గురించి. లాట్ మొత్తం తయారై కట్టలు కట్టిన తర్వాత తూచి కాదనడం ఎవరికైనా కష్టమే. సైజు మార్చి రోల్స్ బిగించిన తర్వాత వచ్చే మొదటి రాడ్ల నుండి మీటరు ముక్క కోయించి తూచి, ఆ అంకెను అప్పటికప్పుడు బావగారికి, ఆయనకు మాత్రమే, చెప్పండి. రోల్స్ మధ్య గ్యాప్ బిగువుగా ఉంటే కొన్ని నిమిషాలలో సరిచేసుకుంటారు, పోయేది కొద్ది రాడ్లు మాత్రమే. గంటకోసారి అదే అంకెను ఒక చార్టు మీద చుక్కగా పెట్టి స్టాండ్ దగ్గర తగిలిస్తే బరువు ఎటు జారుతోందో ఆయనకే కనిపిస్తుంది. వాల్టర్ షూహార్ట్ అనే గణాంక నిపుణుడు 1924లో అమెరికాలో రూపొందించిన పద్ధతి ఇది. చెడిన మాలును ఏరడం కన్నా చెడకముందే పట్టుకోవడం దాని ఉద్దేశం. టన్నుల మీద ఒకరికి ఇన్సెంటివ్ కట్టి, ఆ టన్నులను ఆపే అధికారం మరొకరి చేతికిచ్చిన యాజమాన్యం, బావాబావమరుదులు ఎదురెదురుగా నిలబడ్డాక తాను పక్కన నిలుచుని చూడడం నాకు నచ్చలేదు. కాని దానిని మార్చడం మీ చేతిలో లేదు, తూకం వేసే సమయం మాత్రం మీ చేతిలోనే ఉంది.

అంతకన్నా ముఖ్యంగా, ఆ షిఫ్టు సూపర్‌వైజర్ మీకు దగ్గరి బంధువని, వీలైతే ఆయన షిఫ్టు తుది తనిఖీని మరొక ఇన్‌స్పెక్టర్‌కు అప్పగించమని మీ క్వాలిటీ మేనేజర్‌కు కాగితం మీద రాసి ఇవ్వండి. ఇస్తున్నట్లు బావగారికి ముందే చెప్పండి, వెనుక నుండి ఫిర్యాదు చేశారనే మాట రాకూడదు. షిఫ్టు మార్చడం కుదరకపోతే, లాట్‌ను నోటితో రిజెక్ట్ అనకుండా నిలిపి ఉంచినట్లు తెలిపే హోల్డ్ ట్యాగ్ వేసి, మరొకరి సమక్షంలో రెండోసారి తూయించి, ఇద్దరి సంతకాలతో నివేదికను పైకి పంపండి. దాన్ని సరిచేయాలా, కరిగించాలా అన్నది పై అధికారి తేలుస్తాడు. కొనేవాడి అనుమతితో కొన్ని లోపాలను వదిలేసే ఏర్పాటు కొన్ని సరుకులకు ఉన్నా, ముద్ర వేసిన రాడ్డు ప్రమాణం కన్నా తగ్గినప్పుడు ఆ దారి వెతకకండి. ఎవరైనా సంతకం పెట్టమని ఒత్తిడి చేస్తే ఆ ఆదేశాన్ని రాతలో అడగండి. రాసి ఇవ్వమంటే సాధారణంగా అడిగినవారే వెనక్కి తగ్గుతారు.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. గొడవ మధ్యలో మానితే తప్పు మీదేనని మిల్లూ ఇల్లూ కూడా అనుకుంటాయి. ఆరు నెలల తర్వాత కూడా పరిస్థితి ఇలాగే ఉంటే మరొక చోట చూసుకోండి. మీకున్న అనుభవానికి పని దొరుకుతుంది.

మీ భార్యగారి మాట ఒకటి మీరే రాశారు: కూరలో ఉప్పు దగ్గర నుండి పాప నోటుబుక్కులోని అక్షరాల దాకా మీరు ఇంట్లోనూ తప్పులు వెతుకుతున్నారని ఆమె అంటున్నారు. తప్పు దొరకకపోతే ఆ రోజు పనే చేయలేదనిపించే వృత్తిలో ఉన్నవారికి ఇది పట్టుకోవడం సహజమే, కాని పాపకు అది సహజమని తెలియదు. ఇంటికి వచ్చిన మొదటి అరగంట ఏ వస్తువు గురించీ వ్యాఖ్యానించనని ఆమెతోనే ఒప్పందం చేసుకోండి, ఆ ఒప్పందం తప్పినప్పుడు చెప్పే అధికారం ఆమెకే ఇవ్వండి.

అక్క దగ్గరికి అమ్మగారి ద్వారా కబురు పంపవద్దు. ఇప్పటిదాకా మాటలు చేతులు మారడం వల్లనే ఇంత దూరం వచ్చింది. బావగారు డ్యూటీలో ఉన్న సమయం చూసి మీరే స్వయంగా వెళ్లండి. రాడ్ల బరువు, లాట్ నంబర్లు ఆమెకు చెప్పకండి, అవి ఆమెకు అక్కరలేదు. పదిమందిలో బావను ఆ మాట అనడం తప్పని, అది ఆయనతో కూడా చెబుతానని, మాలు సంగతి మాత్రం మీ చేతిలో లేదని, మూడే మాటలు చెప్పి ఆమె కోప్పడితే వినండి. తర్వాత బావగారిని మిల్లు బయట ఒంటరిగా కలవండి. ఆయన వెంటనే మెత్తబడకపోవచ్చు, మొదటిసారి మాట్లాడకుండా వెళ్లిపోయినా మీరు చెప్పవలసినది చెప్పి రండి.

వేడుకకు మేనమామ పెట్టవలసిన బట్టలు, అక్క రమ్మన్నా వద్దన్నా, మీ భార్యగారితో కలిసి వెళ్లి కొని పెట్టుకోండి. పిలుపు రాకపోతే వాటిని ముందు రోజు అమ్మగారి చేత పంపండి. ఈ ఒక్క పనికి మాత్రం ఆమె మధ్యవర్తిత్వం పనికొస్తుంది. అయితే ఆ రోజుకు సెలవు చీటీ ఈ వారమే ఇచ్చేయండి, పిలుపు ముందు రోజు రాత్రి వచ్చినా మీరు వెళ్లగలిగేలా ఉండాలి.