సిరిమానుకొచ్చే చుట్టాలూ, తలగడ గలీబులూ

ప్రశ్న: పిన్నిగారూ, పైడితల్లమ్మ సిరిమాను పండక్కి, ముందురోజు తొలేళ్ల సోమవారం నుంచే మా ఇంటికి చుట్టాలు దిగుతారు. ఒకరు వెళ్లిన పూటే మరొకరు వస్తారు. ఆపై అక్టోబరు ముసురు. దుప్పట్లు శుభ్రంగా ఉంచేదెలా?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, ఒక పండక్కి మా ఆడపడుచుకి సరిగ్గా ఆరని దుప్పటి వేశాను. నోరెత్తి ఒక్క మాటనలేదు. తెల్లారి చూస్తే దుప్పటి మడిచి కుర్చీలో ఉంది, పరుపు మీద తన చీర పరుచుకుని పడుకుంది. ఆ బాధ నాకింకా పోలేదు.

అందుకే మనిషికో మూట కట్టి ఉంచు: పరిచేది, కప్పుకునేది, గలీబు. ముందు చూడాల్సింది తలగడే. తలనూనె గలీబు దాటి దూదిలోకి దిగితే ఆ వాసన ఇక వదలదు. పాత నేతచీర చించి లోగలీబులు కుట్టుకో, రెండూ కలిపి మార్చు. మెషిన్ ఉంటే 60 డిగ్రీల వేడినీళ్లలో తిప్పు. దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగులు చన్నీళ్లకి చావవు. రంగు దుప్పట్లు మాత్రం విడిగా వెయ్యి.

ముసురైతే గదిలో తాడు కట్టి, ఫ్యాను కింద ఒంటి పొరగా ఆరెయ్యి. చెంపకి ఆనిస్తే చల్లగా తగిలిందా, ఇంకా తడుందన్నమాట. మడవకు.

దూది పరుపు తడపొద్దు, ఎండ కాసిన రోజు రెండువైపులా తిప్పి ఎండబెట్టు. చుట్టాలు వెళ్లగానే టార్చి వేసి కుట్ల వెంబడి చూడు. సిరాచుక్కల్లాంటి నల్లమచ్చలుంటే నల్లులు చేరినట్టే. ఆ పరుపు మరొకరికి వెయ్యకు, చాప, బొంత పరుచు.