కుంచె కింద పెట్టి చూడు

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోను చేసి సంగతంతా చెప్పింది. ఏప్రిల్‌లో సెలవు పెట్టి ఐండ్‌హోవెన్ నుంచి బెల్జియం, అక్కడి నుంచి ఫ్రాన్స్ వెళ్తావట. ఒక ఆదివారం టూర్ ఆఫ్ ఫ్లాండర్స్, ఆపై ఆదివారం పారిస్–రూబే, రెండు సైకిల్ రేసులూ దారి పక్కన నిలబడి చూసి నీటిరంగుల్లో వేస్తావట. మీ అమ్మకు ఇందులో సెలవు దండగ కావడమే కనిపించింది. నాకు మాత్రం వినగానే కడుపు నిండిపోయింది. మరుక్షణమే గుండె ఝల్లుమంది. బెల్జియంలోని ఘెంట్‌లో ఉన్నన్నాళ్లూ వసంతం వస్తే మీ పెదనాన్న సైకిళ్ల కోసం, నేను రంగుల కోసం ఫ్లాండర్స్ రేసు ఎక్కే మిట్టలకే వెళ్లేవాళ్లం. ఇప్పుడు రాజమండ్రిలో ఉండి నీ పక్కన నిలబడలేను కనుక ఈ ఉత్తరం. పొడుగైందని విసుక్కోకు.

ముందు తేలికవి చెప్పేస్తాను. నూలు కాగితమే తీసుకెళ్లు, చదరపు మీటరుకు 300 గ్రాములు తూగేది, చిన్న ముక్కలుగా కోసుకొని. ఏప్రిల్ గాలిలో చెమ్మ ఉంటుంది, వాష్, అంటే నీళ్లగా పారించిన పలచటి రంగుపూత, ఓ పట్టాన ఆరదు. రెండు అట్టలు ఉంటే ఒకటి ఆరేలోపు రెండోది వేయవచ్చు. వేళ్ల కొసలు తెరిచి ఉండే ఉన్ని తొడుగులు కొనుక్కో. ఫ్లాండర్స్ రేసుకు దగ్గరి ఊరు ఔడెనార్డె దాకా రైలుంది. అన్నం తినకుండా బయలుదేరకు.

ఇక చోటు. ఫ్లాండర్స్ రేసులోని ఔదె క్వారెమాంట్ మిట్టకే వెళ్లు. ఎక్కుడు సుమారు 2,200 మీటర్లు, అందులో ఎక్కువ భాగం రాళ్లు పరచిన బాట. మగవాళ్ల రేసు దాన్ని మూడుసార్లు ఎక్కుతుంది. బొమ్మలు వేసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? ఊళ్లో గుడారాలు, బీరు, వేయించిన బంగాళాదుంపల వాసన, తోపులాట. ఊరు దాటాక పొలాల మధ్య దారి ఇంకా పైకి సాగే చోట నిలబడు. పొద్దున్నే చేరితే రేసు వచ్చేదాకా గంటలకు గంటలు నీవే.

బొమ్మ ఆ గంటల్లోనే తయారవుతుంది బుజ్జీ. ఆకాశం, దున్నిన పొలం, బాట, అవతలి గట్టున జనం వరస, అన్నీ వేసెయ్యి. బాట మీద రైడర్లు రాబోయే మేర మాత్రం కాగితం తెల్లగా వదులు. మాస్కింగ్ ద్రవం పూయకు. తీశాక దాని అంచులు బిరుసుగా మిగులుతాయి, కదిలేవాటికి ఆ అంచు పనికిరాదు. మొదటిసారి వచ్చినప్పుడు రంగులు మాత్రమే చూడు: ముందు ఏ రంగు, నడుమ ఏ రంగు, ఎక్కడ అన్నీ కలిసి ముద్దయ్యాయి. రెండోసారి ఆకారాలు: భుజాలు ఎంత వంగాయి, గుంపు ఎక్కడ తెగింది. మూడోసారికి గుంపు మిగలదు, ముందు ఒకరో ఇద్దరో వస్తారు. అప్పుడు మొహాలు చూడు, తెరిచిన నోళ్లు చూడు. మూడుసార్లూ వాళ్లు కళ్ల ముందు ఉన్నంతసేపు నీ చేతులు ఖాళీగా ఉండాలి. కుంచె పెట్టెలో ఉండాలి. ఫోను జేబులో ఉండాలి.

ఇది చదివి నవ్వుకుంటావని తెలుసు. నవ్వు, కానీ ఆ రోజు సంగతి మళ్లీ చెబుతాను. నువ్వు మరచిపోయినట్టు నటిస్తావు, నాకు మరుపు రాదు.

ఇంటర్ పరీక్షలు రాసి నువ్వు మా దగ్గరకు వచ్చిన ఏడాది అది. నేను కొనిచ్చిన సేబుల్ కుంచె చేతిలో పెట్టుకొని, అట్ట మోకాళ్ల మీద ఆనించుకొని, సరిగ్గా బాట అంచునే కూర్చున్నావు. వెనక్కి జరగమన్నాను. “ఇక్కడైతేనే కనిపిస్తుంది పెద్దమ్మా” అన్నావు. మన పక్కన రేడియో చెవికి ఆనించుకొని వింటున్న ముసలాయన కూడా చేత్తో వెనక్కి, వెనక్కి అని చూపించాడు. అక్కడ రైడర్లు రాళ్ల మీద రారు. బాట అంచున నున్నగా ఉండే సన్నటి పట్టీ వెతుక్కొని, జనం కాలివేళ్లను రాసుకుంటూ వస్తారు. రెండో చుట్టు గుంపు వచ్చింది. నువ్వు తలెత్తలేదు. నేలంతా అదిరింది, గొలుసుల చప్పుడు, ఊపిరుల చప్పుడు, నీ జుట్టు గాలికి లేచింది. నువ్వు మాత్రం కాగితం మీద ఎవరిదో వీపు నంబరు వేస్తున్నావు. గుంపు దాటింది. ఆ ఊపులో అట్ట కదిలి కుంచె బాట మీదికి దొర్లింది. రేసు అయిపోయిందనుకొని నువ్వు దిగి వంగావు.

రేసు అవలేదు. టైరు పగిలి వెనకబడిన కుర్రాడొకడు గుంపును అందుకోవడానికి తల వంచుకొని దూసుకొస్తున్నాడు. అతని వెనకే జట్టు కార్లు. నీ కోటు వెనక నుంచి దొరకబుచ్చుకొని లాగాను. ముసలాయన నీ భుజం పట్టాడు. కుర్రాడు చక్రం తప్పించి రాళ్ల మీదికి తూలి, ఎలాగో నిలదొక్కుకొని వెళ్లిపోయాడు. మొదటి కారు కుంచె మీద నుంచి పోయింది. పిడి రెండు ముక్కలైంది, వెంట్రుకలను పట్టి ఉంచే రేకు చదునుగా అణిగిపోయింది.

అంతమందిలో నిన్ను కేకలేశాను. నువ్వు ఏడ్చావు. ఇప్పుడైనా అవే కేకలు వేస్తాను. కానీ ఆ రాత్రి నువ్వు పడుకున్నాక నీ కాగితం తీసి చూసినప్పుడు నాకు ఇంకో సంగతి తెలిసింది. నంబర్లున్నాయి, హెల్మెట్ బెజ్జాలున్నాయి, చక్రంలో చువ్వలు కూడా లెక్క తప్పకుండా ఉన్నాయి. పందొమ్మిదేళ్లయినా నిండని పిల్ల చేతిలో ఆ పనితనం చూసి కళ్లు చెమర్చాయి. అయితే ఆ బొమ్మలో ఒక్కడూ కదలడం లేదు. వాళ్లు కదిలిన ఆ కాసిని క్షణాలు నువ్వు కాగితాన్నే చూశావు మరి. నిన్ను కారు కిందికి తోయబోయినదీ, నీ బొమ్మలో ప్రాణం లేకుండా చేసినదీ ఒకటే తప్పు. ఆ కుంచె నేనిచ్చింది కాబట్టే దాని కోసం దిగావని కూడా నాకు తెలుసు తల్లీ. కుంచెలు మళ్లీ కొనుక్కోవచ్చు.

అందుకే జెండాల సంగతి గుర్తుపెట్టుకో. రేసుకు ముందు ఎర్రజెండా కట్టిన వాహనం వస్తుంది, ఆ క్షణం నుంచి దారి మూసినట్టే. పోలీసు మోటారు సైకిళ్లు, అధికారుల కార్లు, రైడర్లు, మళ్లీ కార్లు, వాటి పైన సైకిళ్లు, అంబులెన్సు, అన్నీ పోయాక చివర పచ్చజెండా వాహనం వస్తుంది. అది దాటేదాకా ఏది పడిపోయినా సరే, దిగకు. 1987లో ఇదే రేసులో కోపెన్‌బెర్గ్ మీద యెస్పర్ స్కిబీ అనే డెన్మార్క్ రైడర్ ఒంటరిగా ముందు వెళ్తూ పడిపోయాడు. లేచేలోపు నిర్వాహకుల కారే అతని సైకిల్ మీద నుంచి ఎక్కి వెళ్లింది. కాలు వెంట్రుకవాసిలో తప్పింది. ఆ మిట్టను 2002 దాకా మళ్లీ రేసులో చేర్చలేదు. 2021లో టూర్ డి ఫ్రాన్స్ మొదటి రోజు, బ్రెస్ట్ నుంచి లాండెర్నో వెళ్లే దారిలో, ఒకామె టీవీ కెమెరా వైపు తిరిగి అట్టముక్క పట్టుకుంది. రేసుకు వీపు పెట్టింది. టోనీ మార్టిన్ దానికి తగిలి పడ్డాడు, వెనకున్న గుంపు గుంపే కుప్పకూలింది. దారి వైపు చూడని మనిషి దారి అంచున ఉండకూడదు, అంతే.

భయపెడుతున్నానని మీ అమ్మకు చెప్పకు. చిత్రకారుడు దామెర్ల రామారావు నిండా 28 ఏళ్లు రాకుండానే 1925లో పోయాడన్న మాట ఈ ఊళ్లో పెరిగినవాళ్లకు చిన్నప్పటి నుంచీ మనసులో ఉంటుంది. ఆయన గ్యాలరీకి నిన్ను తీసుకెళ్లినప్పుడల్లా అద్దానికి ముక్కు ఆనించి చూసేదానివి. చెయ్యి తిరుగుతున్న పిల్లలను చూస్తే నాకు మురిపెంతోపాటు భయం కూడా పుడుతుంది.

సరే, రంగులు. ఫ్లాండర్స్‌లో నిన్ను ముప్పుతిప్పలు పెట్టేది పసుపు. పసుపు జెర్సీ అక్కడ ఉండదు, అది జూలైలో టూర్ డి ఫ్రాన్స్‌లో అందరికంటే ముందున్నవాడు తొడిగేది. 1919లో యూజీన్ క్రిస్టోఫ్ మొదట తొడిగినది; రేసు నడిపిన పత్రిక కాగితం రంగే దానికి వచ్చింది. ఇక్కడ నీకు ఎదురయ్యేవి నల్లసింహం ఉన్న పసుపు జెండాలు, గట్టు పొడవునా. నీటిరంగుల్లో పసుపును ముదురు రంగు మీద వేస్తే బురదే. కాబట్టి అన్నిటికంటే ముందు, శుభ్రమైన నీళ్లతో, తెల్ల కాగితం మీద పసుపు వేసి పూర్తిగా ఆరనివ్వు. సింహాన్ని ఆ తర్వాత వేసుకో. పసుపు కోసం వేరే నీళ్ల డబ్బా పెట్టుకో.

రాళ్లను ఒక్కొక్కటీ గీయకు. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా నీళ్లగా కలిపి పారిస్తే రేణువులు కాగితం గుంటల్లో దిగి రాయి తనంతట తానే వస్తుంది. నీ కాళ్ల దగ్గరి రాళ్లకు మాత్రం నాలుగైదింటికి అంచులు కట్టు. చక్రానికి చువ్వలు వద్దు. ఇప్పటి రిమ్ములు వెడల్పుగా, నల్లగా ఉంటాయి; ఆ నల్లపట్టీ ఒకవైపు గట్టిగా, ఇంకోవైపు తడిలో కరిగిపోయేలా వెయ్యి. టైరు నేలను తాకే చోటు మాత్రం స్పష్టంగా ఉండాలి, లేకపోతే మనిషి గాలిలో వేలాడతాడు. పక్కగాలి వీచే రోజైతే గుంపు విసనకర్ర విప్పినట్టు దారికి అడ్డంగా పరుచుకుంటుంది. ఆ వాలు పట్టుకుంటే గాలిని వేరే వేయక్కర్లేదు.

వీలు చిక్కినప్పుడు వెనిస్‌లో పెగ్గీ గుగెన్‌హైమ్ సంగ్రహానికి వెళ్లి జాన్ మెట్‌సాంజే వేసిన వెలోడ్రోమ్ (సైకిల్ పందేల గుండ్రటి మైదానం) బొమ్మ చూడు. 1912 పారిస్–రూబే ముగింపు అది, అందులో ఉన్నది గెలిచిన షార్ల్ క్రుపెలాండ్. తైలవర్ణం, అందులో ఇసుక కూడా కలిపాడు. రైడర్ తల గుండా వెనకనున్న జనం కనిపిస్తారు. నూనె రంగుల్లో ఆయన తంటాలు పడి తెచ్చిన ఆ పారదర్శకత నీ డబ్బాలో పుట్టుకతోనే ఉంది. జనం మీద వేసిన పలచటి వాష్ ఆరాక దాని మీదే రైడర్‌ను పలచగా వెయ్యి, ఏమవుతుందో చూడు.

పత్రికల్లో వచ్చిన ఫొటోలను చూసి వేయకు. చలిలో మోటారు సైకిల్ వెనక వేలాడుతూ తీసినవాడి కష్టం అది. నీ కళ్లతో చూసింది కొంచెమే అయినా సరిపోతుంది.

రూబే దగ్గర మాత్రం నా మాట పూర్తిగా వినాలి. అందరూ ఆ రేసులో ఎగుడుదిగుడు రాళ్లబాట ఉన్న అరెన్‌బెర్గ్ అడవికి వెళ్లమంటారు. నువ్వు తిన్నగా రూబే వెలోడ్రోమ్‌కే వెళ్లు. నా పిరికితనం అనుకుంటే అనుకో, కానీ బొమ్మకు కూడా అదే మంచి చోటు. రేసు పూర్తిచేసిన మనుషులు ఆ నడుమ గడ్డిలో కూలబడతారు. దుమ్ము రోజైతే కళ్లద్దాల మేర తప్ప మొహమంతా మట్టే. 2021 అక్టోబరులో వానలో జరిగిన రేసు చూశావుగా, సొన్నీ కోల్‌బ్రెల్లి గెలిచినది. ఏ జెర్సీ ఎవరిదో తెలియలేదు. ముందురోజు మొట్టమొదటి మహిళల రేసులో లిజ్జీ డైగ్నన్ సుమారు 80 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి గెలిచింది. చేతులు బొబ్బలెక్కి పగిలి, హ్యాండిల్ టేపుకు రక్తం అంటింది. నువ్వు వేయవలసినవి ఆ చేతులు. వాటికి వేగం అక్కర్లేదు, తీరిగ్గా కూర్చొని వేయవచ్చు. మట్టిని గోధుమరంగుతో పైన పూయకు. ముందు మట్టి వాష్ వేసి, తడిగా ఉండగానే శుభ్రమైన కుంచెతో జెర్సీ రంగు తొంగిచూసేంత మేర ఎత్తెయ్యి.

ప్రతి కాగితం వెనక పెన్సిల్‌తో చోటు, వేళ, గాలి ఏ దిక్కునుంచో రాసి పెట్టుకో. ఎవరు ఎక్కడ ఊపందుకొని ముందుకురికారో కూడా రాయమని మీ పెదనాన్న మాట. పాడైనవి చింపేయకు, అవీ నాకు చూపించు. ఏ తడిలో ఏ రంగు తొందరపడిందో నేను చెబుతాను.

ఆదివారం రేసు కాగానే ఫోను చెయ్యి. జనం ఎక్కువై సిగ్నల్ అందకపోతే ఔడెనార్డె స్టేషనుకు వచ్చాక చెయ్యి. అప్పటికి ఇక్కడ పదీ పదకొండూ అయినా సరే, మేలుకొనే ఉంటాను.

నీ పెద్దమ్మ