గుర్రాన్ని వేరే స్టేబుల్‌కు మారుస్తామంటే పంపనంటున్నారు

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. గుర్రపు స్వారీ అంటే ప్రాణం. రేసుల నుంచి తప్పించిన ఒక ఆడగుర్రాన్ని కొనిచ్చాం. ఏడాదిన్నరగా మొయినాబాద్ వైపు ఒక స్టేబుల్‌లో నెలకు 20,000 రూపాయలు కట్టి ఉంచుతున్నాం. గడ్డి, దాణా, సాయీసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) జీతం అన్నీ అందులోనే. కాగితం మీద అగ్రిమెంట్ లేదు, అన్నీ వాట్సాప్ మెసేజ్‌లే. ఈమధ్య గుర్రం ముందరి కాలు కుంటుతోంది. మాకు చెప్పకుండా దాన్ని పెళ్లి బరాత్‌కు పంపారని ఒక వీడియో చూస్తే తెలిసింది. శామీర్‌పేట దగ్గర వేరే స్టేబుల్‌కు మార్చుకుంటామంటే యజమాని 81,500 కడితేనే వదులుతానంటున్నారు. ఈ నెల ఫీజు 20,000, లాడాలకు, డాక్టరుకు 6,500 మేం ఇవ్వాల్సిందే. రెండు నెలల ముందు చెప్పలేదని 40,000, మా అబ్బాయి స్వారీ నేర్చుకున్న ఫీజు బాకీ అని 15,000 కలిపారు. డబ్బు వచ్చేదాకా దాణా కూడా తగ్గిస్తానని అన్నారు. రాత్రిపూట వ్యాన్ తీసుకెళ్లి మా గుర్రాన్ని మేమే తెచ్చుకుంటే తప్పా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందుగా ఆ వ్యాన్ ఆలోచన మానుకోండి. మీ గుర్రమే అయినా చెప్పకుండా తోలుకొస్తే మీ మీదే దొంగతనం కేసు పెట్టే అవకాశం ఉంది. భారతీయ న్యాయ సంహితలో దొంగతనాన్ని నిర్వచించే 303వ సెక్షన్ కింద గడియారం ఉదాహరణ ఒకటి ఉంది. రిపేరు చేసినవాడికి బాకీ ఉండి, ఆ బాకీకి హామీగా అతను చట్టబద్ధంగా గడియారాన్ని తన దగ్గర ఉంచుకున్నప్పుడు, ఆ హామీ దక్కకుండా చేయాలని సొంతదారు దాన్ని పట్టుకుపోతే అది దొంగతనమే. బాకీ లేకపోతే దొంగతనం కాదు. మీరు అతనికి 26,500 బాకీ ఉన్నట్టు మీరే రాశారు. ఆ బాకీ ఉన్నంతవరకు ఈ రిస్క్ తీసుకోవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. జీతం భత్యం ఇచ్చి గుర్రాన్ని ఒకరి సంరక్షణలో ఉంచడాన్ని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. 148వ సెక్షన్ నుంచి మొదలయ్యే ఈ అధ్యాయం గుర్రాలు, బండ్లు నడిచిన కాలంలో రాసింది. అందుకే చట్టంలో ఇచ్చిన ఉదాహరణల్లో గుర్రాలు చాలాచోట్ల కనిపిస్తాయి. అది మీకు బాగా కలిసొచ్చింది.

153వ సెక్షన్ చూడండి. ఒప్పుకున్న షరతుకు విరుద్ధంగా వస్తువును వాడితే, ఇచ్చినవారు ఆ బెయిల్‌మెంట్‌ను అక్కడికక్కడే రద్దు చేసుకోవచ్చు. చట్టం ఇచ్చిన ఉదాహరణే ఇది: స్వారీ చేసుకోవడానికని గుర్రాన్ని అద్దెకు తీసుకున్నవాడు దాన్ని తన బండికి కట్టాడు. మీరు గుర్రాన్ని అద్దెకు ఇవ్వలేదు, చూసుకోమని అప్పగించారు. అలాంటిది బరాత్‌కు తిప్పితే మీ కేసు ఇంకా బలంగా ఉన్నట్టు. కాబట్టి రెండు నెలల నోటీసు నిజంగా ఒప్పుకుని ఉన్నా సరే, ఆ 40,000 నిలబడదని నా అభిప్రాయం. పైగా అలా ఒప్పుకున్నట్టు ఎక్కడా రాసి లేదు. వాట్సాప్ మొత్తం మొదటి మెసేజ్ నుంచి చదవండి. నోటీసు మాట ఎక్కడైనా ఉందేమో, మీరు 'సరే' అన్నారేమో చూసుకోండి. ఒక్క మెసేజ్ కూడా డిలీట్ చేయొద్దు. రేపు కోర్టులో చూపించాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే అదీ ఆపండి.

కుంటి విషయంలో 154వ సెక్షన్ పనికొస్తుంది. షరతు మీరి వాడినప్పుడు దెబ్బ తగిలితే, జాగ్రత్తగానే నడిపాను, అనుకోకుండా జరిగింది అన్నా బాధ్యత తప్పదు. ఇక్కడా చట్టం ఇచ్చినవి గుర్రం ఉదాహరణలే. ఒకదాంట్లో తన స్వారీకి మాత్రమే తెచ్చుకున్న గుర్రాన్ని ఇంట్లో వేరే మనిషి ఎక్కాడు. అతను జాగ్రత్తగానే నడిపాడు, గుర్రం పడి దెబ్బతింది, తెచ్చుకున్నవాడే నష్టం కట్టాలి. అయితే కాలి దెబ్బ ఆ బరాత్ రోజుదేనని మనం చూపించాలి. గుర్రం ఇంకా అక్కడ ఉండగానే మీకు నమ్మకమైన పశువైద్యుడిని పంపించి తేదీతో రిపోర్టు రాయించండి. నడకను వీడియో తీయించండి. బరాత్ వీడియో ఎవరు పెట్టారో ఆ వివరాలూ భద్రం చేయండి. బరాత్‌కు తీసుకున్న కిరాయి కూడా మీరు అడగొచ్చు. అప్పగించిన దానిపై వచ్చిన లాభం సొంతదారుదే అంటుంది 163వ సెక్షన్.

స్టేబుల్ యజమాని బలం ఎక్కడుందో కూడా చెప్పాలి, లేకపోతే మీకు సగం సలహా ఇచ్చినట్టే. 170వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టి పని చేసినవారు ఆ కూలి ముట్టేదాకా దాన్ని తమ దగ్గర ఉంచుకోవచ్చు. దీన్నే లియన్ అంటారు. మేత వేసి చూసుకున్నంత మాత్రాన ఈ హక్కు వస్తుందా అన్నది పాత చర్చే. ఇంగ్లండ్ కోర్టులు గుర్రానికి శిక్షణ ఇచ్చినవారికి లియన్ ఉందని, ఉత్తినే మేపి ఉంచుకున్నవారికి లేదని 1820, 30ల్లోనే తేడా చూపించాయి. మన సెక్షన్‌లో ఉన్న 'శ్రమ లేక నైపుణ్యం' అనే మాటలు పట్టుకుని మీ స్టేబుల్ యజమాని వాదించవచ్చు. ఆ వాదనకు తావే లేకుండా చేయడం మన చేతిలో ఉంది. ఎలాగో కింద చెబుతాను.

మీ అబ్బాయి ఫీజు 15,000 సంగతి వేరు. ఈ హక్కు ఆ గుర్రానికి చేసిన పనికి మాత్రమే వర్తిస్తుంది. ఏ పాత బాకీకైనా చేతిలో ఉన్న వస్తువును పట్టి ఉంచే హక్కు 171వ సెక్షన్ కింద బ్యాంకర్లు, ఫ్యాక్టర్లు (ఇతరుల సరుకు అమ్మిపెట్టే ఏజెంట్లు) వంటి కొందరికే ఉంది. స్టేబుల్ వాళ్లు అందులో లేరు, స్పష్టమైన ఒప్పందం ఉంటే తప్ప. ఆ ఫీజు నిజంగా బాకీ ఉంటే అతను వేరుగా అడగాలి, మీరు వేరుగా కట్టాలి. దానికోసం గుర్రాన్ని ఆపడానికి వీల్లేదు. ఇంకో మాట. 170 కింద ఉంచుకునే హక్కే ఉంది, అమ్ముకునే హక్కు లేదు. 'అమ్మేసి నా డబ్బు తీసుకుంటా' అని బెదిరిస్తే భయపడకండి. నిజంగా అమ్మినా, దాచినా అది భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహం కేసు అవుతుంది. అలాంటిదేమీ జరగకుండానే పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తితే, సివిల్ తగాదా అని వెనక్కి పంపుతారు.

దాణా తగ్గిస్తానన్న మాట మాత్రం నాకు చాలా బాధ కలిగించింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో 'యజమాని' అంటే గుర్రం ఎవరి అధీనంలో ఉందో వారు కూడా. సొంతదారు అనుమతి ఉన్నా లేకున్నా సరే. సరిపడా మేత, నీరు, నీడ ఇవ్వకపోతే 11వ సెక్షన్ కింద నేరం. మొదటి నేరానికి జరిమానా ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలే, చెప్పడానికే బాధగా ఉంటుంది. అయినా ఫిర్యాదు నమోదైతే మీకు రికార్డు ఉంటుంది. రోజూ ఎవరో ఒకరు వెళ్లి చూసి ఫోటో తీయండి. చిక్కిపోతున్నట్టు కనిపిస్తే వెంటనే పోలీసులకు, జిల్లా జంతుహింస నివారణ సంఘానికి రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇక మీరు చేయాల్సింది. ఒప్పుకున్న 26,500 రేపే బ్యాంకు ద్వారా పంపండి, దేనికి ఎంతో మెసేజ్‌లో రాయండి. దాంతో లియన్ వాదన దాదాపు ముగిసిపోతుంది. అదే రోజు లాయర్ నోటీసు ఇవ్వండి. బెయిల్‌మెంట్ రద్దు చేస్తున్నామని, ఫలానా తేదీన ఫలానా వాహనం వస్తుందని, గుర్రాన్ని దాని పాస్‌పోర్టు (గుర్తింపు పుస్తకం), టీకా రికార్డులతో సహా అప్పగించాలని రాయించండి. ఆ తేదీకి ఇవ్వకపోతే తర్వాత గుర్రానికి ఏమైనా బాధ్యత అతనిదే అని కాంట్రాక్టు చట్టం 161వ సెక్షన్ చెబుతుంది.

అప్పటికీ మొండికేస్తే రెండు దారులున్నాయి. గుర్రం ఆరోగ్యం బాగా ఉంటే సివిల్ కోర్టులో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 7, 8 సెక్షన్ల కింద అప్పగింత కోరుతూ దావా వేసి మధ్యంతర ఉత్తర్వు అడగండి. లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీరు ఇప్పటిదాకా కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు, మీరు ఉండే చోటే వేయొచ్చు. కానీ గుర్రం నీరసిస్తుంటే నేను మీకు ఇచ్చే సలహా వేరు. మిగతా 55,000 కూడా 'అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాం' అని రాసి కట్టేయండి, గుర్రాన్ని తెచ్చుకోండి, తర్వాత దావా వేసి రాబట్టండి. ఒత్తిడి చేసి తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ అంటుంది. అక్కడి ఉదాహరణ అచ్చంగా మీ పరిస్థితే: చట్టవిరుద్ధమైన ఛార్జీ కడితే గానీ సరుకు ఇవ్వనంది రైల్వే కంపెనీ, సరుకు కోసం అతను కట్టాడు, అదనంగా తీసుకున్నది తిరిగి పొందే హక్కు అతనికి ఉంది. డబ్బు ఏడాది తర్వాతైనా వస్తుంది, కాలు పాడైన గుర్రానికి ఏడాది ఆగే ఓపిక ఉండదు.

తరలించే రోజు కాగితాలు సరిగా ఉండాలి. 1978 నాటి జంతు రవాణా నిబంధనల ప్రకారం ప్రయాణానికి ఫిట్‌గా ఉందని, అంటువ్యాధులు లేవని పశువైద్యుడి సర్టిఫికెట్ వాహనంలో ఉండాలి. కుంటుతున్న గుర్రం కాబట్టి డాక్టరు ఒప్పుకోకపోతే బలవంతపెట్టకండి, కాలు కుదుటపడేదాకా ఆగండి. పక్కలకు మెత్తలు, సరైన వెనక తలుపు ఉన్న వాహనం కావాలి. ఒక్క గుర్రానికి 2.25 చదరపు మీటర్ల స్థలం, వెంట ఒక మనిషి, వేగం గంటకు 35 కిలోమీటర్ల లోపు. అంటే ఒకటిన్నర, రెండు గంటల ప్రయాణం అనుకుని ఎండ ఎక్కకముందే బయలుదేరండి. కొత్త స్టేబుల్ వాళ్లు గ్లాండర్స్ పరీక్ష అడిగితే చిరాకు పడకండి. అది మనుషులకూ సోకే జబ్బు. 2009 నాటి అంటువ్యాధుల చట్టం కింద ఒక ప్రాంతాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటిస్తే అక్కడి నుంచి గుర్రాలను కదిలించకూడదు. కాబట్టి బయలుదేరే ముందు స్థానిక పశువైద్యాధికారిని ఒకసారి అడగండి.

వాహనం ఎక్కించేటప్పుడు గుర్రం ఏ స్థితిలో ఉందో రాసి ఇద్దరూ సంతకం చేయండి. అతను చేయనంటే మీ పశువైద్యుడి చేత చేయించండి. కొత్త చోట ఈసారి అగ్రిమెంట్ రాసుకోండి. నెల ఫీజు, నోటీసు ఎన్ని రోజులు, మీ అనుమతి లేకుండా ఎవరూ ఎక్కకూడదన్న షరతు, అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే మిమ్మల్ని అడగకుండా ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు అన్నవి అందులో తప్పక ఉండాలి. రెండు పేజీలు చాలు.