మసిగుడ్డకీ తువ్వాలుకీ తేడా మీ అమ్మాయికి తెలుసు కదమ్మా

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీబీఏ రెండో సంవత్సరం. ఏడాదిగా ఫ్రెంచ్ నేర్చుకుంటోంది. ఇంట్లో వాడే మామూలు సామాన్ల పేర్లు కూడా ఒకదాని బదులు ఇంకొకటి రాసేస్తోంది, మొన్న క్లాసు టెస్టులో వాటికే ఎనిమిది మార్కులు పోయాయి. గుడ్డకే నాలుగు మాటలట! దీనికి భాషలు అబ్బవేమోనని టెన్షన్‌గా ఉంది. జర్మన్‌కి మార్చేయమంటారా? రెండిట్లో ఏది మేలు? – ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, ఇలాంటి ఉత్తరం నాకు నెలకు నాలుగైదు వస్తాయి. పైకి అడిగేది ఫ్రెంచా జర్మనా అని, లోపల ఉన్న భయం మాత్రం ఒకటే, కట్టిన ఫీజు నీళ్లపాలవుతుందా, పిల్ల పరాయి దేశంలో ఒంటరిగా నెగ్గుకురాగలదా అని. కాబట్టి ముందు దాని గురించే చెప్తాను. భాష అబ్బనివాళ్లు ఆ నాలుగు మాటల దాకా రానే రారు, గుడ్డ అనే ఒక్క మాట పట్టుకుని దానితోనే గడిపేస్తారు. మీ అమ్మాయి తికమకపడుతోందంటే నాలుగూ ఆమె నోటి దాకా వచ్చాయన్నమాట.

ఒకసారి మీ వంటింట్లోకి చూడండి. వేడి గిన్నె దించడానికి మసిగుడ్డ, స్నానం చేశాక తువ్వాలు, నేల తుడవడానికి చింపిన పాత పంచె. మసిగుడ్డతో ఎవరైనా ఒళ్లు తుడుచుకుంటే మీరు ఊరుకుంటారా? ఫ్రెంచ్‌వాళ్లదీ అదే పట్టింపు. కడిగిన పళ్లేలు తుడిచేది తోర్షోన్. ఒళ్లు తుడుచుకునేదీ, భోజనం దగ్గర ఒళ్లో వేసుకునేదీ సెర్వియెత్. నేల తుడిచేది సెర్పియేర్. బల్లల మీద దుమ్ము దులిపేది షిఫోన్. మీరు కట్టుకునే షిఫాన్ చీర పేరు అక్కడి నుంచి వచ్చిందే, కానీ వాళ్లింట్లో షిఫోన్ అడిగితే పాత గుడ్డపీలికే చేతికిస్తారు! తోర్షోన్లనీ సెర్వియెత్‌లనీ కలపకూడదు అని వాళ్లకో నానుడి కూడా ఉంది, మనుషుల్లో హెచ్చుతగ్గులు పాటించే సందర్భంలో వాడతారు. బెల్జియం వెళ్తే మళ్లీ లెక్క మారుతుంది, అక్కడ తోర్షోన్ అంటే నేల తుడిచే గుడ్డ. క్లాసులో ఇవన్నీ ఒకే వరుసలో, పక్కన ఇంగ్లీషు అర్థంతో బట్టీ పట్టిస్తే ఎవరికైనా కలిసిపోతాయి.

ఇంకో సంగతి. టీ కప్పు పగిలింది అంటారు, కప్పు టీ తాగాను అంటారు. వీటిని మీ అమ్మాయి జీవితంలో ఒక్కసారైనా తారుమారు చేసిందా? ఫ్రెంచ్‌లో తాస్ ఆ తే అంటే టీ కప్పు, తాస్ ద తే అంటే కప్పు టీ. మధ్యలో ఉన్న ఆ చిన్న మాట దగ్గరే మన పిల్లలు మార్కులు పోగొట్టుకుంటారు, తెలుగులో ఆలోచిస్తే ఇట్టే తెలిసిపోతుంది. గిన్నెలు కడిగే సింకు ఎవియే, ముఖం కడుక్కునే వాష్ బేసిన్ లవాబో. ఈ తేడా మనింట్లోనూ ఉన్నదే. నిజంగా కష్టమైనవి కొన్ని లేకపోలేదు, లా ప్వాల్ అంటే పెనం, లె ప్వాల్ అంటే గది వెచ్చగా ఉంచే పొయ్యి. పలకడంలో తేడా లేదు, లింగం ఒక్కటే ఆధారం, లె అంటే పుంలింగం, లా అంటే స్త్రీలింగం. అందుకే లె, లా లేకుండా ఏ మాటా నోట్లోంచి రానివ్వకూడదు అని నేను ప్రతి పిల్లకీ చెప్తాను.

ఇప్పుడు మీమీద కొంచెం కోపంగా ఉంది, చెప్పేస్తాను. మీ ఉత్తరం చివర్లో, కెనడా పీఆర్‌కి, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, ఫ్రెంచ్ ఉంటే సులువట, ఆరు నెలల కోర్సు ఉందట అని రాశారు. కెనడా 2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వలస దరఖాస్తుల పద్ధతిలో ఫ్రెంచ్ వచ్చినవాళ్లను విడిగా పిలుస్తున్న మాట నిజమే. కానీ దానికి వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగింట్లోనూ ఎన్‌సీఎల్‌సీ అనే కెనడా ఫ్రెంచ్ కొలమానంలో 7 రావాలి, అంటే యూరప్ కొలతలో దాదాపు బీ2 స్థాయి. బీ2కి సాధారణంగా చెప్పే లెక్క 500 గంటల పైమాటే. రోజుకు రెండు గంటలు, వారానికి ఐదు రోజులు, ఆరు నెలలు చదివితే 260 గంటలు. మిగతా సగం ఎక్కడి నుంచి తెస్తారు? పైగా దానికోసం రాసే టెఫ్, టీసీఎఫ్ ఫ్రెంచ్ పరీక్షల ఫలితాలు రెండేళ్లే చెల్లుతాయి, మీ అమ్మాయికి డిగ్రీ కూడా కాలేదు, ఇప్పుడు ఉరుకులు పరుగుల మీద రాయించి ఏం చేస్తారు? నియమాలు ఎప్పుడు మారతాయో తెలియని దారిని నమ్ముకుని పిల్లకి భాష మీదున్న ఇష్టాన్ని చంపేయడం నాకు అస్సలు నచ్చదు. ఆమెకి కావాలంటే డెల్ఫ్ అనే ఫ్రెంచ్ డిప్లొమా పరీక్ష రాయించండి, ఆ సర్టిఫికెట్‌కి గడువు లేదు. ఇంకొకటి, రాత్రి భోజనం దగ్గర ఫోన్‌లో చూస్తూ ఆమెకి ఫ్రెంచ్ మాటలు అప్పజెప్పిస్తున్నానని మీరే రాశారు. దయచేసి అది మానేయండి. అన్నం ముందు పరీక్ష పెడితే తెలిసిన మాట కూడా రాదు.

జర్మన్ సంగతి అడిగారు కదా. ఫ్రెంచ్‌లో లింగాలు రెండు, జర్మన్‌లో మూడు. సామాన్ల పేర్ల గొడవ తప్పించుకోవడానికే మారేటట్లయితే మారొద్దు. ఇంజనీరింగ్ పిల్లయితే వేరే సంగతి, మీ అమ్మాయికి పర్యాటకం మీద ఆసక్తి అంటున్నారు, హోటల్ గదుల్లో దుప్పటికి క్వెత్ అనాలా కువెర్త్యూర్ అనాలా అన్న తేడా తెలిసినవాళ్లే అక్కడ కావాలి. బొంతలా మెత్తగా నింపింది క్వెత్, రగ్గు లాంటిది కువెర్త్యూర్.

ఈ సెలవులకు ఆమె కాకినాడ వచ్చినప్పుడు మీ వంటింట్లో పది వస్తువులకు చీటీలు అంటించమనండి. వస్తువు పేరు లె, లాతో సహా, కింద దానితో చేసే పని, అంతే. ఇంగ్లీషు అర్థం రాయొద్దు. మసిగుడ్డకి సరిగ్గా సరిపోయే మాట దొరక్కపోతే ఆమెనే వెతకమనండి, మీరు ఫోన్ తీయకండి. పది రోజులకి పాత చీటీలు పీకేసి కొత్త పది. నెల తర్వాత అదే టెస్టు మళ్లీ రాయించి, ఆ పేపరు నాకు పంపండి.